దూరం 220 కిలోమీటర్లు... ప్రయాణం ఎన్ని గంటలు?

ఈశాన్య రాజధానుల మధ్య విమాన సర్వీసులు ఎందుకు నిలదొక్కుకోలేకపోతున్నాయి?

మణిపూర్ రాజధాని ఇంఫాల్‌కు, మేఘాలయ రాజధాని షిల్లాంగ్‌కు మధ్య దూరమెంత? దేశపటంపై దారం పరచి కొలిస్తే ఈ రెండు నగరాల విమానాశ్రయాల నడుమ నేరు దూరం సుమారు 220 కిలోమీటర్లు మాత్రమే. హైదరాబాదు, విజయవాడల మధ్య నేరు దూరం కంటె ఇది తక్కువ. అయినప్పటికీ, ఒక ఈశాన్య రాజధాని నుంచి పొరుగునే ఉన్న మరొక రాజధానికి నేరుగా ప్రయాణికుల విమానం నడపటానికి 2021 జూలై 13 వరకు ఆగవలసి వచ్చింది. ప్రాంతీయ విమానయానానికి ఉద్దేశించిన ‘ఉడాన్’ పథకం కింద ఇండిగో సంస్థ ఆ రోజున ఈ సర్వీసును ప్రారంభించింది. వారానికి నాలుగు రోజులు, 78 సీట్ల ఏటీఆర్-72 విమానంతో సర్వీసు నడుస్తుందని కేంద్ర పౌర విమానయాన శాఖ నాడు ప్రకటించింది.

ప్రయాణ సమయాన్ని ఒక దిశలో 60 నిమిషాలుగా, మరొక దిశలో 75 నిమిషాలుగా నిర్ణయించారు. అంతకుముందు రోడ్డు మీద వెళ్లేవారికి దాదాపు 12 గంటలు పట్టేది. లేనిపక్షంలో ఇంఫాల్ నుంచి గువాహటికి విమానంలో వెళ్లి, అక్కడి నుంచి మరో 100 కిలోమీటర్లు ఘాట్‌రోడ్డు మీద బస్సులోనో, ట్యాక్సీలోనో షిల్లాంగ్ చేరుకోవలసి వచ్చేది.

ఈ రెండు నగరాల మధ్య రాకపోకలకు అవసరం తక్కువేమీ కాదు. ఈశాన్య రాష్ట్రాల అభివృద్ధి ప్రణాళికలను చూసే ఈశాన్య మండలి ప్రధాన కార్యాలయం షిల్లాంగ్‌లోనే ఉంది. వైమానిక దళ తూర్పు కమాండ్ కేంద్రం, నార్త్ ఈస్టర్న్ హిల్ యూనివర్సిటీ, ఇందిరాగాంధీ పేరిట నెలకొల్పిన ప్రాంతీయ వైద్య విజ్ఞాన సంస్థ కూడ అక్కడివే. మణిపూర్ నుంచి విద్యార్థులు, రోగులు, ఉద్యోగులు అక్కడకు వెళ్లవలసి ఉంటుంది. వారికి కావలసింది రెండు ఊళ్ల మధ్య కిలోమీటర్ల లెక్క కాదు. ఇంట్లో బయలుదేరిన తరువాత ఎన్ని గంటలకు చేరుతామన్నదే వారి ప్రశ్న.

26 నిమిషాల ప్రయాణానికి గంట ఎందుకు?

విమానయానంలో దూరాన్ని భూగోళం ఉపరితలంపై రెండు బిందువుల మధ్య అతి దగ్గర దారిగా లెక్కిస్తారు. కిలోమీటర్లకు బదులు నాటికల్ మైళ్లు వాడతారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లకు సమానం. ఈ లెక్కన ఇంఫాల్-షిల్లాంగ్ దూరం సుమారు 120 నాటికల్ మైళ్లు. ఏటీఆర్-72 విమానం పూర్తి ఎత్తుకు చేరిన తరువాత గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్లగలదు. పాఠశాల లెక్క ప్రకారం 220 కిలోమీటర్లకు 26 నిమిషాలు చాలు. అయితే టైంటేబుల్‌లో కనిపించేది గంట, గంటింపావు.

ఇందుకు కారణం ఉంది. టైంటేబుల్‌లోని సమయం విమానం నిలిచిన చోట కదిలిన క్షణం నుంచి, గమ్యంలో తిరిగి నిలిచే క్షణం వరకు లెక్కించేది. రన్‌వే చివరకు నడిచి వెళ్లటం, అనుమతి కోసం ఆగటం, కొండలను దాటే ఎత్తుకు ఎగబాకటం, నిర్దేశించిన వాయుమార్గాన్ని అనుసరించటం, దిగేముందు రన్‌వేకు ఎదురుగా వచ్చేలా చుట్టు తిరగటం అన్నీ ఇందులో చేరుతాయి. పూర్తి వేగంతో సాగేది మధ్యనున్న కొద్ది నిమిషాలే. అందువల్ల విమానాశ్రయాలు ఎంత దగ్గరగా ఉంటే, ప్రయాణ సమయంలో ఈ ఎక్కడం దిగడం వాటా అంత పెరుగుతుంది.

ఖర్చు విషయమూ ఇంతే. ఇంధనం ఎక్కువగా కాలేది విమానం పైకి ఎక్కేటప్పుడే. సిబ్బంది, తనిఖీలు, విమానం దిగిన తరువాత జరగవలసిన పనులు దూరం 200 కిలోమీటర్లయినా, 500 కిలోమీటర్లయినా తప్పనివే. కాగా ప్రయాణికుడు మాత్రం తక్కువ దూరానికి తక్కువ చార్జీనే ఆశిస్తాడు. అదే విమానాన్ని గువాహటి-కోల్‌కతా వంటి మార్గంలో నడిపితే సంస్థకు రాబడి ఎక్కువ. రెండు మారుమూల విమానాశ్రయాల మధ్య నేరు సర్వీసుకు తొలి అడ్డంకి ఇక్కడే ఎదురవుతోంది. ఎవరూ నడపకపోతే, పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్లు కూడ కోల్‌కతా మీదుగానో, గువాహటి మీదుగానో మాత్రమే కలుస్తాయి.

కొండలు, మబ్బులు, సూర్యాస్తమయం

భౌగోళిక పరిస్థితి మరొక అడ్డంకి. షిల్లాంగ్ విమానాశ్రయం నగరానికి వెలుపల ఉమ్రోయ్ వద్ద కొండల నడుమ ఉంది. దాని రన్‌వే పొడవు సుమారు 6,000 అడుగులు. పెద్ద జెట్ విమానాలకు ఇది చాలకపోవటంతో ఏటీఆర్ వంటి టర్బోప్రాప్ విమానాలపైనే అక్కడి సర్వీసులు ఆధారపడుతూ వచ్చాయి. ప్రపంచంలోనే అత్యధిక వర్షపాతం నమోదయ్యే చిరపుంజి, మాసిన్‌రామ్ గ్రామాలు ఇదే రాష్ట్రంలో ఉన్నాయని గుర్తుచేసుకుంటే, వర్షాకాలంలో పైలట్లకు ఎదురయ్యే ఇబ్బంది అర్థమవుతుంది. నిర్ణీత దూరం నుంచి రన్‌వే కనిపించకపోతే విమానం వెనుదిరగవలసిందే.

ఇంఫాల్ సముద్రమట్టానికి సుమారు 780 మీటర్ల ఎత్తున, చుట్టూ కొండలున్న లోయలో ఉంది. 1991 ఆగస్టు 16న కోల్‌కతా నుంచి వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం దిగటానికి కొద్ది నిమిషాల ముందు థాంగ్‌జింగ్ కొండలను ఢీకొని, అందులోని 69 మంది మరణించారు. ఆ ప్రాంతంలో దగ్గర దారి పట్టటం ఎంత ప్రమాదకరమో ఈ దుర్ఘటన తెలియజేసింది.

ఈశాన్యంలో పొద్దు త్వరగా వాలుతుంది. దేశమంతటికీ ఒకే కాలమానం అమలులో ఉన్నందున డిసెంబరు మధ్యలో ఇంఫాల్‌లో సాయంత్రం నాలుగున్నర కాకుండానే సూర్యాస్తమయమవుతుంది. రాత్రివేళ విమానాలు దిగే ఏర్పాట్లు లేని చిన్న విమానాశ్రయాలకు దీనివల్ల పనిగంటలు తగ్గిపోతాయి. ఉదయం పొగమంచు వల్ల రెండు గంటలు ఆలస్యమైతే, మధ్యాహ్నపు తిరుగు ప్రయాణం రద్దయ్యే అవకాశం ఉంటుంది. అప్పుడు గంట ప్రయాణం కాస్తా మరుసటి విమానం వచ్చే రోజుకు వాయిదా పడుతుంది. వారానికి నాలుగు రోజుల సర్వీసులో ఆ రోజు రేపే కానక్కరలేదు.

నేపాల్ నేర్పుతున్న పాఠం

ఈ సమస్య మన దేశానికే పరిమితమైనది కాదు. నేపాల్‌లో పొఖారా, జోమ్‌సోమ్ విమానాశ్రయాల మధ్య నేరు దూరం సుమారు 70 కిలోమీటర్లు. చిన్న ట్విన్ ఆటర్ విమానంలో ప్రయాణం దాదాపు 20 నిమిషాలు. అయితే అన్నపూర్ణ, ధవళగిరి శిఖరాల మధ్యనున్న కాళీగండకి లోయలో ప్రొద్దెక్కిన కొద్దీ గాలి ఉధృతమవుతుంది కనుక విమానాలు ఉదయం పూటనే నడుస్తాయి. 2022 మే 29న ఈ మార్గంలోనే తారా ఎయిర్ విమానం కూలి అందులోని 22 మంది మరణించారు.

ఎవరెస్టు యాత్రికులకు ద్వారమైన లుక్లా విషయం మరింత గమనింపదగినది. ఖాట్మండు నుంచి లుక్లాకు విమానంలో అరగంటకు కొంచెం పైగా పడుతుంది. ఖాట్మండు విమానాశ్రయంలో రద్దీ దృష్ట్యా యాత్రికులు ఎక్కువగా వచ్చే నెలల్లో ఈ సర్వీసులను రామేఛాప్ జిల్లాలోని మంథలి నుంచి నడుపుతూ వచ్చారు. అక్కడి నుంచి లుక్లాకు 20 నిమిషాలే. విమాన సమయం తగ్గింది, కాని మంథలి చేరటానికి యాత్రికుడు అర్ధరాత్రి లేచి నాలుగైదు గంటలు కొండదారిలో ప్రయాణించవలసి వచ్చింది. గగనంలో మిగిలిన పావుగంట నేల మీద ఎన్నో రెట్లు ఖర్చయింది.

వంతెన దూరాన్ని తగ్గిస్తే...

ఇందుకు భిన్నమైన ఉదాహరణ బ్రహ్మపుత్ర తీరంలో కనిపిస్తుంది. అస్సాంలోని దిబ్రూగఢ్, అరుణాచల్ ప్రదేశ్‌లోని పాసీఘాట్ విమానాశ్రయాల మధ్య నేరు దూరం 70 కిలోమీటర్లకు కొంచెం పైన. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ దేశంలో తయారుచేసిన 17 సీట్ల డోర్నియర్-228 విమానం తొలి వాణిజ్య సర్వీసును అలయన్స్ ఎయిర్ 2022 ఏప్రిల్ 12న ఈ మార్గంలోనే నడిపింది. చిన్న విమానం, చిన్న రన్‌వే, చిన్న దూరం అన్న సూత్రానికి ఇది సరిగ్గా సరిపోయింది.

అయితే అప్పటికే ఈ ప్రాంతంలో రోడ్డు ప్రయాణం స్వరూపం మారిపోయింది. 1997లో శంకుస్థాపన జరిగిన బోగీబీల్ వంతెనను 2018 డిసెంబరు 25న ప్రారంభించారు. 4.94 కిలోమీటర్ల పొడవుగల ఈ రోడ్డు-రైలు వంతెన రాకముందు దిబ్రూగఢ్ వద్ద నది దాటాలంటే పడవల మీద ఆధారపడవలసి వచ్చేది. వరద రోజుల్లో ఆ అవకాశమూ ఉండేది కాదు. వంతెనతో ఆ నిరీక్షణ తొలగిపోయింది. మారుమూల విమానం విలువను నిర్ణయించేది దాని వేగం ఒక్కటే కాదు, నేల మీద దానికి ప్రత్యామ్నాయం ఎంత కష్టమన్నది కూడ. పాసీఘాట్‌కు వంతెన వచ్చింది. ఇంఫాల్-షిల్లాంగ్ మార్గంలో ఆ స్థాయి మార్పు రాలేదు. అక్కడ వర్షాకాలంలో కొండచరియలు విరిగిపడటం, రాస్తారోకోలు సర్వసాధారణం. 2016 నవంబరులో మణిపూర్ రహదారులపై మొదలైన ఆర్థిక దిగ్బంధం 2017 మార్చి వరకు సాగింది.

నలభై ఏళ్ల ప్రయోగాలు

మారుమూల ప్రాంతాలను గగనమార్గాన కలపాలన్న ఆలోచన కొత్తది కాదు. 1981 జనవరిలో ఇండియన్ ఎయిర్‌లైన్స్, ఎయిరిండియాల ఉమ్మడి సంస్థగా ‘వాయుదూత్’ ప్రారంభమైనప్పుడు దాని ప్రథమ లక్ష్యం ఈశాన్యమే. తరువాత అది దేశమంతటా చిన్న పట్టణాలకు విస్తరించి, నష్టాల్లో కూరుకుపోయి, 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ప్రైవేటు విమాన సంస్థలకు తలుపులు తెరిచిన ప్రభుత్వం 1994 మార్చి 1 నుంచి మరొక నిబంధనను తెచ్చింది. ఢిల్లీ-ముంబయి వంటి లాభసాటి మార్గాల్లో నడిపే సామర్థ్యంలో కనీసం 10 శాతానికి సమానమైన సామర్థ్యాన్ని ఈశాన్యం, జమ్మూ కాశ్మీర్, అండమాన్, లక్షద్వీప్ ప్రాంతాలకు కేటాయించాలని ఆదేశించింది. ఆ పది శాతంలో మళ్లీ పదో వంతును ఆ ప్రాంతాల లోపలి మార్గాల్లోనే నడపాలన్నది. అంటే లాభసాటి మార్గంలోని ప్రతి 100 సీట్లకు ఈశాన్యంలో ఒక ఊరి నుంచి మరొక ఊరికి దక్కేది ఒకే సీటు. మిగతావి గువాహటికో, ఇంఫాల్‌కో ఢిల్లీ, కోల్‌కతాల నుంచి నడిపితే సరిపోయేది. ఆ విధంగా ఈశాన్య రాజధానులు ఢిల్లీకి దగ్గరయ్యాయే కాని ఒకదానికొకటి దగ్గర కాలేదు. 2000 తరువాతి దశాబ్దంలో ఈశాన్య మండలి ఆర్థిక సహాయంతో అలయన్స్ ఎయిర్ చిన్న ఏటీఆర్ విమానాలు నడిపింది. ఆ సహాయం ఉన్నంతకాలమే ఆ ఏర్పాటు సాగింది.

మూడేళ్ల గడువు

2016 అక్టోబరులో ప్రకటించిన ‘ఉడాన్’ పథకం ఈ సమస్యకు దూరాన్నీ, సమయాన్నీ కలిపి జవాబు చెప్ప ప్రయత్నించింది. గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్ల దూరానికి, నిర్ణీత సంఖ్యలో సీట్లకు చార్జీ 2,500 రూపాయలకు మించరాదన్నది దాని మూలసూత్రం. దీనివల్ల కలిగే లోటును మూడేళ్లపాటు ప్రభుత్వం భర్తీ చేస్తుంది. అందుకు కావలసిన నిధిని ప్రధాన మార్గాల విమాన సర్వీసులపై విధించిన సుంకంతో సమకూర్చారు. లోటు భర్తీలో రాష్ట్రాల వాటా సాధారణంగా 20 శాతం కాగా ఈశాన్య రాష్ట్రాలకు 10 శాతంగా నిర్ణయించారు.

2017 ఏప్రిల్ 27న తొలి సర్వీసులు మొదలయ్యాయి. సిమ్లా-ఢిల్లీతో పాటు ఆ రోజు ప్రారంభమైన వాటిలో కడప-హైదరాబాదు, నాందేడ్-హైదరాబాదు మార్గాలు ఉండటం తెలుగువారికి గుర్తుండే విషయం. కడప నుంచి హైదరాబాదుకు నేరు దూరం 300 కిలోమీటర్లు. ఆ సర్వీసు నడిపిన ట్రూజెట్ సంస్థ 2022 ఫిబ్రవరిలో విమానాలు నిలిపివేసింది. కడప అదృష్టం కొద్దీ మార్చి చివరలో ఇండిగో అక్కడికి సర్వీసులు ప్రారంభించింది. అన్ని ఊళ్లకూ అటువంటి అవకాశం లభించలేదని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ లెక్కలే చెబుతున్నాయి.

2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ప్రకారం, ‘ఉడాన్’ మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాలలో 403 అసలు ప్రారంభం కానేలేదు. ప్రారంభమైన 371 మార్గాలలో మూడేళ్ల గడువును పూర్తిచేసుకున్నవి 112 మాత్రమే. గడువు ముగిసి సహాయం ఆగిన తరువాత కూడ 2023 మార్చి నాటికి కొనసాగుతున్నవి 54. అంటే కేటాయించిన ప్రతి వంద మార్గాలలో చివరకు తనకాళ్లపై నిలిచినవి ఏడు.

ఈ అంకెలను ఇంఫాల్-షిల్లాంగ్ వంటి మార్గాలకు అన్వయించి చూస్తే అసలు చిక్కు తేటతెల్లమవుతుంది. ఒక కుటుంబం తన బిడ్డను పొరుగు రాష్ట్రంలోని కళాశాలలో చేర్చేటప్పుడు నాలుగైదేళ్లకు ఆలోచిస్తుంది. దీర్ఘవ్యాధికి చికిత్స పొందే రోగి ఏళ్ల తరబడి తిరగవలసి ఉంటుంది. సర్వీసుకు మాత్రం హామీ మూడేళ్లే. రేపు ఉంటుందో ఉండదో తెలియని విమానాన్ని నమ్ముకొని ఎవరూ తమ జీవితాన్ని ఏర్పాటు చేసుకోలేరు. జనం అలవాటు పడనందువల్ల సీట్లు నిండవు, సీట్లు నిండనందువల్ల సర్వీసు నిలవదు.

దగ్గరి విమానాశ్రయం దూరమైన వేళ

విమానాశ్రయం ఉండటమే చాలదని మణిపూర్ ప్రజలకు 2023లో మరొక విధంగా తెలిసివచ్చింది. ఆ ఏడాది మే 3న చెలరేగిన జాతుల ఘర్షణల తరువాత లోయకు, కొండ జిల్లాలకు మధ్య రాకపోకలు స్తంభించాయి. చురాచాంద్‌పూర్ నుంచి ఇంఫాల్ విమానాశ్రయం దాదాపు 60 కిలోమీటర్లే. అయినప్పటికీ అక్కడి కుకీ ప్రజలు ప్రాణభయంతో ఆ దారిన వెళ్లలేక, విమానం ఎక్కటానికి మిజోరం రాజధాని ఐజాల్ వరకు రోజంతా కొండదారుల్లో ప్రయాణించారు. గంటన్నర దూరంలోని విమానాశ్రయం వారికి విదేశమంత దూరమయింది. ఇటువంటి దూరాన్ని ఏ పటమూ చూపదు.

1944లో జపాను సేనలు చుట్టుముట్టినప్పుడు ఇంఫాల్‌లోని సైన్యాన్ని నిలబెట్టింది విమానాలు మోసుకువచ్చిన సరుకులే. రోడ్లు మూసుకుపోయినప్పుడు గగనమార్గమే దిక్కన్నది ఆ నగరానికి నాటి నుంచి తెలిసిన సత్యం. యుద్ధకాలంలో ఆ సర్వీసుకు లాభనష్టాల లెక్క ఎవరూ అడగలేదు.

2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్ర ప్రభుత్వం సవరించిన ‘ఉడాన్’ ద్వారా పదేళ్లలో 120 కొత్త గమ్యాలను కలుపుతామని, నాలుగు కోట్ల మంది ప్రయాణికులకు సేవలందిస్తామని ప్రకటించింది. కొండ ప్రాంతాలకు, ఈశాన్యానికి చిన్న విమానాశ్రయాలు, హెలిపాడ్లు కూడ ఇందులో భాగమని పేర్కొంది. పదేళ్ల లక్ష్యం మూడేళ్ల గడువు కంటె మెరుగే. అయితే గమ్యాల సంఖ్యతో పాటు ఒక్కొక్క మార్గంలో వారానికి ఎన్ని రోజులు, ఎన్నేళ్లపాటు విమానం తప్పక నడుస్తుందన్నది కూడ ప్రకటిస్తేనే ఆ లక్ష్యానికి అర్థం ఉంటుంది. గ్రామానికి బస్సు నడిపేటప్పుడు ఆర్టీసీ ప్రతి ట్రిప్పుకు లాభం చూడదు. మారుమూల రాజధానులను కలిపే విమానాన్ని కూడ ఆ దృష్టితో చూడవలసి ఉంటుంది.

ఇంఫాల్ నుంచి షిల్లాంగ్‌కు దూరం 220 కిలోమీటర్లు. విమానం ఉన్న రోజున గంట ప్రయాణం, లేని రోజున 12 గంటలు. ఏ వారంలో ఏ రోజున విమానం ఉంటుందో ఏడాది ముందుగా చెప్పగలిగిన నాడే ఆ రెండు నగరాలు నిజంగా దగ్గరైనట్లు.